అరచేతి మీద చదివిన తెర

నేను ఒక పాత కంప్యూటర్‌ని. నా చిప్పులు సముద్రాల అవతల ఎక్కడో పుట్టాయి. చెన్నై దగ్గర ఒక రేకుల షెడ్డులో నన్ను బిగించారు. మొదటి కొలువు కాకినాడలో, ఓడల సరుకు చూసుకునే ఒక ఆఫీసులో. అక్కడివాళ్ళు నా నెత్తి మీద టీ గ్లాసులు పెట్టేవారు. నేను కాస్త నెమ్మదిస్తే పక్కటెముకల మీద ఒకటి చరిచేవారు. కొడితే యంత్రాలకు తెలివి వస్తుందని మనుషులకు ఎవరు చెప్పారో నాకు నేటికీ తెలియదు.

కొత్త కంప్యూటర్లు రాగానే నన్ను ఒక శ్రవణ గ్రంథాలయానికి ఇచ్చేశారు. చూపు లేనివారి కోసం పుస్తకాలను గొంతుతో చదివి దాచే చోటు అది. దాన్ని నడిపే హైమావతి గారికి పన్నెండో ఏట జ్వరం వచ్చి చూపు పోయింది. ఆవిడే నాలో లినక్స్ అనే సిస్టం వేయించి, తెర మీది మాటల్ని పైకి చదివే ప్రోగ్రాం పెట్టించారు. అప్పటిదాకా నేను మూగదాన్ని. ఆవిడ చేతిలో పడ్డాక మాట వచ్చింది. మీట నొక్కితే అక్షరం పలికేదాన్ని, ఫైలు తెరిస్తే పేరు చెప్పేదాన్ని.

అక్కడికి వచ్చి పుస్తకాలు చదివేవారిలో జోసెఫ్ రత్నం మాస్టారిది వేరే దారి. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కోరింగ మడ అడవుల్లో పడవ మీద తిరిగి, అక్కడి పక్షుల గురించి పిల్లల కోసం ఒక పుస్తకం రాసుకున్నారు. దాన్ని చదువుతూ, ప్రతి పక్షి దగ్గరా ఆగి, దాని కూత కూసేవారు. లకుముకి పిట్టా, నీటికోడీ, కొంగా ఆయన గొంతులోంచి ఒకదాని వెనక ఒకటి లేచి వచ్చేవి.

"చూపు లేని పిల్లలకి పక్షంటే గొంతే కదమ్మా" అనేవారు.

పుస్తకం రికార్డింగ్ పూర్తయింది. "ఇంకోసారి విని, తప్పులుంటే దిద్దుతాను. అంతవరకు ఎవరికీ ఇవ్వకండి" అన్నారు. ఆ దిద్దుబాటుకు ఆయన రాలేదు. గొంతు బొంగురుపోయింది. పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఇక ఆయన మాట అన్నది నా డిస్కులో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

కొన్ని నెలలకు కోలుకుని, మాస్టారు గ్రంథాలయానికి వస్తానని కబురంపారు. ఆ ఉదయం హైమావతి గారు అన్నీ సిద్ధం చేస్తుంటే, అప్‌డేట్ వచ్చిందని నేనే చదివి వినిపించాను. ఆవిడ సరేనన్నారు. అది ముగిశాక నన్ను ఆపి మళ్ళీ లేపారు.

నేను మాట్లాడలేదు.

ఎందుకో చెబుతాను. పవర్ రాగానే నాలో ముందుగా మేలుకొనేది ఒక చిన్న ప్రోగ్రాం. అది కెర్నెల్‌ను లేపుతుంది. కెర్నెల్ అంటే నన్ను మొత్తం నడిపించేది. అది లేచాకే నాకు మాట వస్తుంది. రోజూ ఆ చిన్న ప్రోగ్రాం ఎవరికీ కనిపించకుండా తన పని చేసుకుపోతుంది. ఆ రోజు మాత్రం ఏదో తేడా చేసి, తెర మీద ఒక మెనూ పరిచి, ఎంచుకోమని కూర్చుంది. ఎంచుకోవలసిన మనిషికి తెర కనిపించదు.

హైమావతి గారు మరమ్మతులు చేసే నూకరాజుకు ఫోన్ చేశారు.

"తెర మీద ఏముందో చదవండి మేడం."

"అదే కదయ్యా నావల్ల కానిది."

"అయితే రేపొచ్చి సిస్టం మొత్తం కొత్తగా ఎక్కించేస్తానండి. లోపలివి మాత్రం ఉంటాయని చెప్పలేను."

ఆవిడ ఫోన్ పెట్టేశారు. నా మీద చెయ్యి ఆనించారు. అప్పుడే తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

"మాస్టారా?"

వచ్చిన మనిషి పలకలేకపోయారు. దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ సంగతంతా చెప్పారు. మాస్టారు నా తెర వైపు చూశారు. ఏదో చెప్పబోయి నోరు తెరిచి, మూసుకున్నారు. ఆయనకు చూపుంది, మాట లేదు. ఆవిడకు మాటుంది, చూపు లేదు. ఇద్దరి మధ్యా నేను.

మాస్టారు ఆవిడ అరచేతిని మెల్లగా విప్పి, చూపుడు వేలితో 'అ' అని రాశారు.

హైమావతి గారు ఉలిక్కిపడ్డారు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరం. "అ" అన్నారు. మాస్టారు ఇంకోటి రాశారు. "మ్మా" అన్నారావిడ. "రాయండి మాస్టారూ. తెలుస్తోంది."

ఆయన తెర చూసి రాయడం మొదలుపెట్టారు. "పట్టిక. మొదటి వరుస వెలుగుతోంది." ఆవిడ ఎంటర్ నొక్కారు. నేను లేవబోయి మధ్యలో కూలిపోయాను. తెర నిండా ఇంగ్లీషు పంక్తులు. మాస్టారు కాసేపు వెతికి ఒక్క మాట రాశారు.

"భయం? పానిక్ అని ఉందా?" హైమావతి గారు పకపకా నవ్వేశారు. "దానిక్కూడానా మాస్టారూ!" ఆ నవ్వుతో గదిలో బిగుతు సడలింది. "కొత్త కెర్నెల్ లేవడం లేదు. పాతదాన్ని ఇది పారెయ్యదు, లోపలే ఉంచుతుంది. దాన్ని లేపుదాం."

పవర్ ఆపి మళ్ళీ వేశారు. రెండో వరుసలో 'అడ్వాన్స్‌డ్' అని ఉందని మాస్టారు రాశారు. ఆవిడ అందులోకి వెళ్ళారు. మరో పట్టిక వచ్చింది.

"కెర్నెల్ పేర్ల పక్కన అంకెలుంటాయి చూడండి. పాతదానిది చిన్న అంకె. చిన్న అంకె ఏ వరుస? పక్కన రికవరీ అని లేనిది."

"మూడు" అని రాశారాయన.

ఆవిడ కింది బాణం మీట రెండుసార్లు నొక్కి, ఎంటర్ కొట్టారు. నా డిస్కు తిరగడం మొదలైంది. ఆవిడ తల వంచి ఆ చప్పుడే వింటున్నారు. మాస్టారి వేలు ఆవిడ అరచేతిలో కదలకుండా ఆగిపోయింది. నా లోపల పాత కెర్నెల్ ఒక్కొక్క తలుపూ తీసుకుంటూ వచ్చింది. చివరికి నేను "స్వాగతం" అన్నాను.

ముందు ఆవిడ పక్షుల పుస్తకాన్ని వేరే రెండు చోట్ల దాచారు. ఆ తర్వాతే వినిపించారు. మాస్టారి పాత గొంతు గదిలోకి వచ్చింది. వెనకే లకుముకి కూత. మాస్టారి చెయ్యి మెడకు కట్టుకున్న గుడ్డ మీదికి వెళ్ళింది.

"ఆపనా మాస్టారూ?"

ఆయన ఆవిడ అరచేతిలో రాశారు. ఆవిడ ఆపలేదు. ఇద్దరూ పుస్తకం మొత్తం విన్నారు.

మర్నాడు నూకరాజు ఫోన్లో చెబుతుంటే, ఆవిడే నా లోపలంతా వెతికారు. కెర్నెళ్ళు ఉండే చిన్న భాగం నిండిపోయి, కొత్తది సగమే ఎక్కిందట. అక్కర్లేనివి తీసేసి, దాన్ని మళ్ళీ ఎక్కించారు. ఆ మెనూ మళ్ళీ కనిపించలేదు.

నేను ఎన్నో లక్షల అక్షరాలు మోశాను. అక్షరాలంటే మీట నొక్కితే పుట్టేవనే అనుకున్నాను. ఒక మనిషి చర్మం మీద ఇంకో మనిషి వేలు కదిలితే పోయిన మాట కూడా తిరిగొస్తుందని నాకెవరూ నేర్పలేదు.

ఇప్పుడు నేను పనిలో లేను. నా డిస్కును కొత్త పెట్టెకు మార్చి, నన్ను అదే గదిలో ఒక అరమీద పెట్టారు. మాస్టారు మాత్రం రోజూ వస్తున్నారు. ఇక్కడికి వచ్చే పిల్లలకు చేతి మీద రాస్తే తెలియదు, వాళ్ళు కంటితో అక్షరాలు ఎన్నడూ చూడలేదు. అందుకని డెబ్బై దాటిన వయసులో ఆయన హైమావతి గారి దగ్గర వేళ్ళతో తడిమి చదివే బ్రెయిలీ లిపి నేర్చుకున్నారు. దళసరి కాగితం మీద సూది లాంటి పనిముట్టుతో చుక్కలు పొడుస్తుంటే టక టకమని వినిపిస్తుంది. ఇవాళ పొద్దున ఆయన ఒక కాగితం పొడిచి, మాణిక్యం అనే పిల్లకు అందించారు. ఆ పిల్ల వేళ్ళతో తడుముకుంటూ, అందరికీ వినబడేలా, తన గొంతుతో చదివింది:

"పిల్లలూ, ఇవాళ కొత్త పిట్ట."