స్టవ్ అక్కర్లేని వంట

మా కోడలు నా చేతికి కేకు కత్తి ఇచ్చింది. కేకు కొంటే దాంతోపాటు ఊరికే ఇస్తారే, తెల్ల ప్లాస్టిక్‌ది, పళ్ళుంటాయి, అది. కాలేజీ హాస్టల్లో పెద్ద వంటమనిషిగా చేసి రిటైరైన దాన్ని నేను. నా చేతికి కేకు కత్తి.

"చాలా ఈజీ అత్తయ్యా. స్టవ్ అక్కర్లేని వంట. మీరు హాయిగా కూర్చుని గుచ్చుతూ ఉండండి. స్టవ్ దగ్గర మీకెందుకు" అంది. ఫోన్‌లో ఫొటో చూపించి, నా భుజం తట్టి మరీ వెళ్ళింది. భుజం తడితే నాకు ఒళ్ళు మండుతుందని ఇన్నేళ్ళలో ఆ పిల్లకి తెలియలేదు.

ఆ సాయంత్రం మా పెరట్లో విందు. ఎండాకాలం కదా, పొయ్యి వెలిగించకుండా చల్లటివేవో పెడదామని కోడలి ఆలోచన. గ్రీకు పద్ధతిట. కీరా ముక్క, క్యాప్సికం ముక్క, ఆలివ్, చిన్న చెర్రీ టమాటా, మధ్యలో ఫెటా అనే ఉప్పటి తెల్ల చీజు, ఇవన్నీ వరసగా పుల్లకి గుచ్చడం. పైన కాస్త ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎండు ఆరెగానో ఆకు నలిపి చల్లడం. అంతే వంట. ఆ తిండి మీద నాకేం కోపం లేదు. పాపం, దాని తప్పేముంది. నా కోపమంతా ఆ పని నాకెందుకు అప్పగించారన్న దాని మీద.

ఎందుకంటే మా స్టవ్‌కి మూడు బర్నర్లున్నాయి, ఒక్క నాబూ లేదు. మూడూ మా కోడలి హ్యాండ్‌బ్యాగులో ఉంటాయి. పొద్దున్నే వంట కానిచ్చి, నాబ్‌లు ఊడబెరికి, లిప్‌స్టిక్ పక్కన పడేసుకుని ఫ్యాక్టరీకి పోతుంది. అక్కడ ఆమె సేఫ్టీ ఆఫీసరు. నిప్పంటుకుంటే ఏం చెయ్యాలో నలుగురికీ క్లాసులు చెబుతుంది. క్లాసులు బాగానే చెబుతుందేమో, నాకు తెలీదు. ఇంట్లో మాత్రం నాకు శిక్ష వేసింది.

జరిగిందేమిటంటే, ఎండలు మొదలైన కొత్తలో ఒక ఆదివారం నేను డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. కింద నుంచి పొగ. పరిగెత్తుకుంటూ దిగేసరికి వంటింటి కర్టెన్ కాలుతోంది, ప్లాస్టిక్ ర్యాకు కరిగి కారుతోంది. మా అబ్బాయి నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగేశాడు. కోడలు తడిదుప్పటి వేసి ఆర్పింది. అందుకు ఆమెకి దణ్ణం పెట్టాల్సిందే, కాదనను. ఆ తర్వాత విచారణ మొదలైంది. వంటిల్లు ఎవరిది? అమ్మది. మర్చిపోయేది ఎవరు? అమ్మే అయ్యుంటుంది.

"పాలు పెట్టి పైకి వెళ్ళిపోయావమ్మా" అన్నాడు మా అబ్బాయి.

"నేను పెట్టలేదురా."

"పెట్టిన సంగతే మర్చిపోయావన్నమాట. అది ఇంకా ప్రమాదం."

దానికేం జవాబు చెబుతాం చెప్పండి. గుర్తుంది అంటే తప్పు నాది, గుర్తు లేదు అంటే రోగం నాది. మా ఆయన కిటికీ దగ్గర కుర్చీలో పేపర్ చదువుకుంటూ కూర్చున్నారు. ఆ పేపర్ మొహానికి అడ్డం తప్పితే ఒట్టు.

స్టవ్ పోతే పోయింది. అన్నిటికన్నా ఘోరమేమిటంటే, పోనుపోను నేనూ నమ్మాను. బాత్రూం కుళాయి కట్టేసి వచ్చి మళ్ళీ వెళ్ళి చూసుకునేదాన్ని. వీధి తలుపు గడియ వేసి, వేశానా అని లేచి వెళ్ళేదాన్ని. ఎప్పుడో తెలిసిన మనిషి పేరు ఒక్క క్షణం తట్టకపోతే చేతులు చల్లబడేవి. హాస్టల్లో అంతమందికి ఏ పూటకేం కావాలో తలలో పెట్టుకుని నడిపిన మనిషిని, నా తలని నేనే అనుమానంగా చూడడం మొదలుపెట్టాను. రాత్రిళ్ళు పక్కన ఆ మహానుభావుడు హాయిగా గుర్రు పెట్టేవారు.

సరే, పుల్లల సంగతికి వస్తాను. పుల్లల ప్యాకెట్టు స్టోర్ గదిలో ఉంది, తీసుకోండి అంది కోడలు. వెళ్ళాను. పై అరలో ప్యాకెట్టు లాగితే పక్కనున్న సంచీ కూడా కింద పడింది. దాని మీద కోడలి చేతిరాతతో "క్లాసులో చూపించడానికి" అని కాగితం అంటించి ఉంది. లోపల ఆ రోజు కాలిన గిన్నె. ఆ రోజు నన్ను వంటింట్లోకి రానివ్వలేదుగా, అది నా కంట పడలేదు. ఇప్పుడు చేతిలోకి తీసుకున్నాను. బొగ్గయిపోయింది. కానీ గిన్నెని గుర్తుపట్టడానికి నాకు దాని రంగెందుకు.

అది విరిగిన పిడి గిన్నె. ఒక్క కప్పు కాఫీ పట్టేంతది. అడుగు పల్చన, పాలు పెడితే అంటుకుంటాయని నేను దాన్ని ముట్టుకోను. పైగా నేను కాఫీయే తాగను. ఇంట్లో ఆ గిన్నె వాడేది ఒకే ఒక్క మనిషి.

అరికాలి మంట నెత్తికెక్కింది. గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. మా ఆయన స్కూటర్ తుడుచుకుంటున్నారు. ఆయన గడియారాలు బాగుచేసేవారు. కొట్టు అమ్మేశాక కూడా రోజూ స్కూటరెక్కి పాత స్నేహితుడి కొట్టుకి పోయి, కబుర్లు చెప్పుకుని వస్తారు. ఆయనకి అదే ప్రాణం.

"ఏమండీ, ఇదెవరి గిన్నె?"

చూశారు. తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఆగిపోయింది.

"కాఫీకి పెట్టాను. రేడియోలో ఏదో వస్తుంటే విందామని వెళ్ళాను" అన్నారు.

"మరి వాళ్ళిద్దరూ నన్ను అంటుంటే నోరెందుకు పెగల్లేదు?"

"తెలిస్తే స్కూటర్ తాళం తీసేసుకుంటారోయ్. పొయ్యి మర్చిపోయినవాడు రోడ్డు మీద బ్రేకు మర్చిపోడా అంటారు."

"నా బుర్ర తీసేసుకున్నారుగా. అది ఫరవాలేదా?"

తల దించుకున్నారు. ఆ తల చూస్తే జాలి వెయ్యాలి, నాకు వెయ్యలేదు. కుళాయిల చుట్టూ తిరుగుతున్న నన్ను రోజూ చూస్తూ, "పడుకోవోయ్, కట్టేశావులే" అని ఓదార్చిన మనిషి. ఆ ఓదార్పు గుర్తొస్తేనే నా కడుపు మండిపోయింది.

"సాయంత్రం అందరి ముందూ మీ నోటితో మీరే చెప్పాలి" అన్నాను.

"చెబుతాను" అన్నారు.

లోపలికొచ్చి కేకు కత్తిని చెత్తబుట్టలో పడేశాను. అదీ తీసేసుకుంటారని బీరువాలో చీరల కింద దాచుకున్న నా కత్తి తీశాను. దొంగసొత్తులా నా కత్తిని నేను దాచుకోవలసి వచ్చింది చూడండి. కోపంలో నాకు పని బాగా సాగుతుంది. ఆ చీజుని ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే కొయ్యాలి, మెత్తబడితే పొడైపోతుంది. పెద్ద ముక్కలు కోసి, తడి అద్ది, పుల్లని తిప్పుతూ దించాలి తప్ప పొడవకూడదు. దాన్ని రెండు పక్కలా కీరా ముక్కలతో ఆనించి, చివర టమాటాతో బిగించాను. చీజులో ఉప్పుంటుంది కాబట్టి మళ్ళీ ఉప్పు వెయ్యలేదు. నూనె, నిమ్మరసం వడ్డించే ముందే. పళ్ళెంలో పేర్చి చూస్తే, నాకే ముద్దొచ్చాయి. అదీ నాకు నచ్చలేదు.

సాయంత్రం అందరూ వచ్చారు. మా అబ్బాయి స్నేహితులు, కోడలి ఆఫీసువాళ్ళు, పక్కింటి టైలరమ్మ. పుల్లలు పెట్టినవి పెట్టినట్టే అయిపోతున్నాయి. ఎవరు చేశారని అడిగితే కోడలు నన్ను చూపించింది. "మా అత్తయ్యగారే. స్టవ్ లేకపోయినా చూడండి, ఎంత బాగా కాలక్షేపం అయిందో" అంది. కాలక్షేపం. ముప్పూటలా ఊపిరాడకుండా పని చేసిన దాని వంటకి ఇప్పుడు ఆ పేరు పెట్టారు. నేను మా ఆయన వైపు చూశాను.

ఆయన లేచి నిలబడ్డారు.

"ఆ రోజు స్టవ్ మీద గిన్నె పెట్టి మర్చిపోయింది నేను. ఆవిడ కాదు" అన్నారు. సూటిగానే చెప్పారు. ఆ మాత్రం ఒప్పుకోవాలి.

తర్వాత మా అబ్బాయి దగ్గరికొచ్చి వాళ్ళ నాన్న భుజం చుట్టూ చెయ్యేశాడు. వాడి కళ్ళు చెమర్చాయి.

"అమ్మ బాధపడుతోందని నీ నెత్తిన వేసుకుంటున్నావా నాన్నా" అన్నాడు.

"కాదురా, నిజంగానే..."

"సరే నాన్నా. మాకు తెలుసులే."

"మావయ్యగారిది ఎంత మంచి మనసో చూడండి" అంది కోడలు ఆఫీసువాళ్ళతో. టైలరమ్మ ముక్కున వేలేసుకుని, "అదృష్టవంతురాలివమ్మా" అంది నాతో. నేను లేచి, ఆ గిన్నె సంగతి చెప్పబోయాను. "ఇప్పుడెందుకులే అత్తయ్యా అవన్నీ" అని కోడలు నన్ను మెల్లగా కూర్చోబెట్టింది. మళ్ళీ భుజం తట్టింది. ఆయన కూర్చుంటూ నా వైపు చూశారు. నేను చెప్పానుగా, వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను అన్నట్టు. ఆ మొహంలో హమ్మయ్య అన్న కళ నాకు స్పష్టంగా కనిపించింది. తప్పు చేసినందుకు ఆయన దేవుడయ్యారు, చెయ్యనందుకు నేను పిచ్చిదాన్నయ్యాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఎవరో కాఫీ అడిగారు. కోడలు హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఒక నాబ్ తీసి, ఎవరికిచ్చిందనుకుంటున్నారు?

"మావయ్యా, మీ చేతి కాఫీ అందరికీ" అంది.

ఆయన నాబ్ పుచ్చుకుని లోపలికి వెళ్ళారు. పెద్ద గిన్నెలో పాలు పెట్టి, బయటికొచ్చి, ఆఫీసులో పనిచేసే కుర్రాడెవరో చేతి గడియారం చూపిస్తే దాని కథ చెప్పడం మొదలుపెట్టారు. నేను కూర్చున్న చోటికి వంటింటి కిటికీ ఎదురుగానే ఉంది. కర్టెన్ కాలిపోయాక మళ్ళీ వెయ్యలేదు, ర్యాకూ పెట్టలేదు. మాడడానికి అక్కడ ఆ గిన్నె తప్ప ఏమీ లేదు, లేకపోతే నేను కదలకుండా కూర్చునేదాన్ని కాదు. పాలు పొంగిన చప్పుడు నాకు తెలిసింది. అడుగంటిన వాసన నా ముక్కుకి ముందే వచ్చింది. లేచి కట్టేసేదాన్నే. జీవితమంతా అలాగే లేచాను. ఈసారి లేవలేదు. టైలరమ్మ చెయ్యి పట్టుకుని, ఇంకో పుల్ల తీసుకోమని బలవంతపెట్టాను.

మాడు వాసన పెరట్లోకి వచ్చేసింది. కిటికీలోంచి పొగ.

"అమ్మా, మళ్ళీ ఏం పెట్టావు" అంటూ మా అబ్బాయి వంటింటి వైపు పరిగెత్తాడు.

"అమ్మ ఇక్కడుందిరా" అన్నాను. గట్టిగా అనలేదు. వాడు గుమ్మంలోనే ఆగి వెనక్కి చూశాడు. అందరూ చూశారు. చేతిలో పుల్లతో, అందరి మధ్యలో, కూర్చున్న కుర్చీలోనే ఉన్నాను నేను.

కోడలు పోయి గ్యాస్ కట్టేసి వచ్చింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. తెలివైన పిల్ల, ఇంకెవరూ చెప్పక్కర్లేదు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బ్యాగులో మిగిలిన రెండు నాబ్‌లూ, చేతిలోదీ నా ఒళ్ళో పెట్టింది. "అత్తయ్యా" అంది. ఈసారి భుజం తట్టలేదు. మా ఆయన చేతిలో ఇంకా ఆ కుర్రాడి గడియారమే ఉంది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, జేబులోంచి స్కూటర్ తాళం తీసి దాని పక్కనే పెట్టారు. ఎవరూ అడగలేదు. ఆయనే పెట్టారు.

గెలిచాను కదా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టి ఉండాలి. పట్టలేదు. అదీ ఆయన తప్పే.

పొద్దున్న స్నేహితుడి కొట్టుకి వెళ్ళే వేళకి ఆయన చొక్కా వేసుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను స్టవ్ ముందున్నాను, మూడు నాబ్‌లూ బిగించి. ఆయన్ని చూడగానే నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిన్న మిగిలిన కీరా, చీజు ఉన్నాయి. హాయిగా కూర్చుని గుచ్చుతూ ఉండండి. స్టవ్ దగ్గర మీకెందుకు."

అన్నాక విన్నాను. కోడలి మాటలు పొల్లుపోకుండా నా నోట్లోంచి వచ్చాయి. ఆయన బల్ల దగ్గర కూర్చుని బుద్ధిగా పుల్ల తీసుకున్నారు. చీజుని పొడిచారు, అది రెండుగా విరిగి బల్ల మీద పడింది. ఆ ముక్కల్ని వేళ్ళతో దగ్గరికి చేరుస్తుంటే చూడలేకపోయాను. ఈ మనిషి నన్ను కోపం కూడా కడుపారా పడనివ్వడు.

"లేవండి" అన్నాను. "కాఫీకి వేరే గిన్నె తెచ్చుకోండి. మీరే వెలిగించండి."

"మర్చిపోతానేమో."

"నేనిక్కడే నిలబడతాను."

ఆయన స్టవ్ వెలిగించారు. నేను చేతులు కట్టుకుని, కోపంగానే, పక్కన నిలబడ్డాను.