మంచం పక్కన కుర్చీ

డ్యూటీ నుంచి ఇంటికి రాగానే చెల్లెలు చేసే మొదటి పని చేతులు కడుక్కోవడం, రెండోది అక్కకి ఏదో ఒక రోగం తెప్పించడం.

చెల్లెలు నర్సు. విదేశంలో ఒక పెద్దాసుపత్రి ఆమెకి ఉద్యోగం ఇస్తానంది. కాకపోతే ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. ఆ పరీక్షలో ఒకరు రోగిగా నటిస్తారు. నర్సు వాళ్ళతో మాట్లాడి, భయం పోగొట్టి, చేయాల్సింది చెప్పాలి. రోగి ఏమనాలో ఒక కార్డు మీద ఉంటుంది. ఇంట్లో ఆ రోగి వేషం అక్కది. అక్క ఆసుపత్రులకి గౌన్లు, దుప్పట్లు కుట్టే దర్జీ. ఇంగ్లీషు రాదు కాబట్టి ఆ మాటలన్నీ చెల్లెలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చేది. అక్క మొదటి వాక్యం చదవగానే కార్డులో ఉన్న జబ్బు ఒంట్లోకి వచ్చేసేది. చెల్లెలు ఇంగ్లీషులో ఆఖరి ప్రశ్న దాకా సరిగ్గా జవాబు చెప్పేస్తే, ఆ జబ్బు వచ్చిన దారినే పోయేది.

వీధిలో దీన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. కూరలమ్మే ఆవిడ కిటికీ కింద ఆగి, "ఈపూట ఏంటమ్మా?" అని అడిగేది. ఉబ్బసం అంటే, "అయ్యో, నిన్న విరిగిన కాలే నయం, నోరన్నా ఆడింది" అని బండి తోసుకుపోయేది.

"ఏం పెట్టావే ఇవాళ?" అనేది అక్క, కత్తెర పక్కన పెట్టి. "కుడిచెయ్యి జోలికి మాత్రం రాకు. రేపటికి దుప్పట్లు ఇవ్వాలి."

"ముందే చెప్పేస్తే నేనేం నేర్చుకున్నట్టు? చదువు."

"నీ చదువు నా చావుకొచ్చింది," అని నవ్వి చదివేది.

ఒక్కటే చిక్కు. అబద్ధం చెబితే జబ్బు కదలదు. ఒకసారి అక్క పనిలో ఉందని కింద వాటాలో ఉండే ఎలక్ట్రీషియన్ బాబాయిని కూర్చోబెట్టింది చెల్లెలు. పాపం, ఆయనకి గుండెజబ్బు కార్డు పడింది. డ్యూటీకి టైమైపోతోందని ఈవిడ హడావుడిగా, అంతా బాగానే ఉంది, ఏం ఫర్వాలేదు అని ఇంగ్లీషులో అనేసి వెళ్ళిపోయింది. ఆ పెద్దమనిషి రోజంతా మెట్లెక్కలేక కిందే కూర్చున్నాడు. మర్నాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాకే ఆయాసం తగ్గింది. "ఈసారి తలనొప్పి లాంటి చిన్న కార్డేదైనా ఉంటే పిలువమ్మా," అన్నాడాయన.

అసలామెకి వెళ్ళాలని ఎందుకంత ఆశ అంటే, కుర్చీ కోసం. నవ్వకండి. ఇక్కడ ఆమె వార్డులో రెండు గదుల నిండా మంచాలు, ఒకే ఒక్క నర్సు. ఎవరైనా చెయ్యి పట్టుకుని ఏడిస్తే, విడిపించుకుని పక్క మంచానికి పరుగెత్తాలి. అక్కడ ప్రతి మంచం పక్కనా నర్సు కూర్చోడానికి ఒక కుర్చీ ఉంటుందట. కూర్చుని మాట్లాడటం కూడా పనిలో భాగమేనట. ఆ సంగతి విన్నప్పటి నుంచి చెల్లెలి ప్రాణం ఆ కుర్చీ మీదే ఉంది.

పరీక్ష రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఒకే రకం కార్డు: ఇక తగ్గని జబ్బని రోగికి చెప్పాలి. ఆమె నోట మాట రాలేదు. మౌనానికి మార్కులెవరిస్తారు? ఈసారీ తప్పితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు ఆసుపత్రి వాళ్ళు.

పరీక్ష ముందురోజు అక్క తనంతట తానే కార్డుల దొంతర అడుగు నుంచి ఆ కార్డు లాగింది.

"అది వద్దక్కా."

"వద్దు వద్దంటూనే రెండుసార్లు మునిగావు. జవాబు చెప్పేస్తే పోయేదేగా! కూర్చో."

అక్క చదివింది. చదువుతూండగానే మొహం పాలిపోయింది, నడుం పట్టుకుని మంచం మీద ఒరిగింది. చెల్లెలు ఈసారి అన్నీ చెప్పింది. జబ్బు పేరు చెప్పింది, నొప్పికి మందుందని చెప్పింది. అన్నీ నిజాలే. ఇక ఆఖరి ప్రశ్న మిగిలింది.

"హూ విల్ బీ విత్ మీ?" అని చదివింది అక్క. నాతో ఎవరుంటారు, అని.

పుస్తకంలో జవాబుంది: మీ కుటుంబం ఉంటుంది. కానీ అక్కకి ఉన్న కుటుంబమంతా ఎదురుగా కూర్చున్న ఈ ఒక్క మనిషే. తల్లి పోయాక చెల్లెల్ని బళ్ళో చేర్చిందీ, నర్సు చదువు చదివించిందీ అక్కే, ఆ కుట్టుమిషను మీదే. నేనుంటాను అనాలంటే ఆ మాట నిజం కావాలి. నిజమైతే ఇక ప్రయాణం లేదు.

చెల్లెలు నోరు తెరవబోయింది. అక్క రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అనకే! నీకు దణ్ణం పెడతా, ఆ మాట మాత్రం అనకు. ముందు వెళ్ళి పరీక్ష రాసిరా."

వెళ్ళింది. సరిగ్గా అదే కార్డు పడింది. రోగిగా కూర్చున్న పెద్దావిడ, నాతో ఎవరుంటారు అని అడగ్గానే, "ఐ విల్ బీ విత్ యూ," అంది చెల్లెలు, ఎక్కడా తడబడకుండా. అక్కడ జబ్బు ఉత్త నటన; ఆవిణ్ణి మళ్ళీ జన్మలో చూడదు. పరీక్షకి ఇంగ్లీషు నేర్పిన మాస్టారు ఫోన్ చేసి, ఇన్నేళ్ళలో నా దగ్గర ఎవరికీ ఇన్ని మార్కులు రాలేదు తల్లీ అన్నారు. ఆమె ఫోన్ పెట్టేసి అక్కకి గంజి కాచింది.

అక్క నానాటికీ చిక్కిపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే చూసి, "కార్డు జబ్బుకి మా దగ్గర మందుండదమ్మా, కార్డు పూర్తి చేయండి," అని పంపేశాడు. చెల్లెలు ఒకసారి, పాస్‌పోర్టు సంచిలో పెట్టుకునే, ఆ మాట గొణిగి చూసింది. నొప్పి వెంట్రుకవాసి కదల్లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నిజంగా అందామని దగ్గరికెళితే అక్క చెవులు మూసుకునేది. ఏం చేస్తుంది? ఏడ్చింది, డ్యూటీకెళ్ళింది, వచ్చి మళ్ళీ ఏడ్చింది. ఈలోగా టిక్కెట్టు వచ్చేసింది.

ప్రయాణం రోజు పొద్దున టాక్సీ వచ్చి కింద ఆగింది. చెల్లెలు పెట్టె పట్టుకుని మంచం దగ్గర నిలబడింది. అక్క నవ్వబోయింది. చెల్లెలి పెదవి కదలడం చూసి చెవులు మూసుకోబోయింది గానీ చేతులు పైకి రాలేదు.

అది చూసి తట్టుకోలేకపోయింది చెల్లెలు. పెట్టె వదిలేసి, "ఐ విల్ బీ విత్ యూ," అంది.

అక్క నడుం దగ్గర నుంచి నొప్పి దిగిపోయింది. మొహంలోకి రంగొచ్చింది. లేచి కూర్చుంది, లేచీ లేవగానే చెల్లెలి వీపు మీద ఒక్కటిచ్చింది.

"ఎంత పని చేశావే! తగ్గిపోయిందిగా, పో ఇక! టాక్సీ ఉంది, ఇంకా టైముంది, పో!" అని ఏడుస్తూ పెట్టె అందించి గుమ్మం దాకా తోసింది.

మనిషి కదా, చెల్లెలికీ వెళ్ళాలనే ఉంది. పెట్టె పట్టుకుని నిజంగానే రెండు మెట్లు దిగింది. పైన అక్క నడుం పట్టుకుని మూలిగింది, వినిపించకుండా నోరు నొక్కుకుంది గానీ వినిపించింది. చెల్లెలు రెండు మెట్లూ తిరిగి ఎక్కింది. మూలుగు ఆగిపోయింది.

చెల్లెలు పెట్టె గోడవార పెట్టింది, అక్క మంచం మీద కూర్చుంది.

"అక్కడ ఆ కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటారే?" అంది అక్క.

"జాబితాలో నా తర్వాత ఉన్నావిడ."

"ఆవిడకి ఇంగ్లీషు బాగా వచ్చా?"

"రాకేం."

అక్క కళ్ళు తుడుచుకుని, మిషను ముందున్న కుర్చీని కాలితో మంచం పక్కకి లాగింది. "కూర్చో," అంది. చెల్లెలు కూర్చుంది. కింద టాక్సీ ఇంకోసారి హారన్ కొట్టి వెళ్ళిపోయింది.