మరణవార్తలు చదివే గొంతు

జూన్ పద్నాలుగు. ఆ మధ్యాహ్నం పెలాజీ కర్రపెండలం ముద్ద, ఎండు గొంగళిపురుగుల పులుసు చేసింది. ఆమె భర్త అనిసె రెండో ముద్ద నోట పెట్టుకోబోతుంటే ముసలి యాసిమే వచ్చి వాకిట్లో కూలబడింది. బంగారు గనిలో మట్టి తవ్వే ఆమె మేనల్లుడు మెదార్‌ను గనికి కాపలా కాసే కిరాయి తెల్లసైనికులు కాల్చి, అతను తవ్విన గుంతలోనే పూడ్చేశారు. తప్పించుకొచ్చిన తోటికూలీ చెప్పాడు.

అనిసె ఊవాకా నది ఒడ్డునున్న ఆ ఊరి రేడియోలో విలేకరి. సాయంత్రం అక్కడివాళ్ల సాంగో భాషలో మరణవార్తలు చదివేదీ అతనే. ఫలానావాడు ఫలానా కారణంతో పోయాడని రేడియో చెబితేనే అక్కడ ఇరుగుపొరుగు ఏడవడానికి వస్తారు.

అనిసె రాసిచ్చిన వార్తలో స్టేషన్ పెద్ద బొనిఫాస్ కారణం కొట్టేసి ‘కొద్దిరోజుల జబ్బుతో’ అని రాశాడు. ఆ సైనికుల సంగతి బయటపెట్టిన పాత విలేకరి శవం నదిలో తేలింది. అది ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

స్టేషన్‌కు వెంట వచ్చిన యాసిమే మాత్రం ఒప్పుకోలేదు.

“జబ్బంటే నన్నూ చంపినట్టే నాయనా. వయసులో ఉన్నోడు జబ్బుతో ఊరికే పోతాడా, మేనత్తే మంత్రం పెట్టి తినేసిందంటారు. పోయిన వానల్లో ఏం చేశారో చూశావుగా.”

అనిసె చూశాడు. అప్పుడూ గనిలో చచ్చిన కుర్రాణ్ణి జ్వరంతో పోయాడని చదివింది అతనే. ఆ కుర్రాడి అమ్మమ్మను మంత్రగత్తెవంటూ రాళ్లతో కొట్టి చంపారు.

“నాకు పిల్లలున్నారమ్మా,” అన్నాడు.

“నాకు వాడొక్కడే ఉండేవాడు,” అంది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అదే అతన్ని కోసింది.

సాయంత్రం మైకు ముందు కూర్చున్నాడు. దిద్దిందే చదవమని, పెలాజీ ముఖం చూసైనా మాట వినమని బొనిఫాస్ మరోసారి బతిమాలాడు. అనిసె పేరు చదివాడు. తండ్రి పేరు చదివాడు. దిద్దిన కాగితం బోర్లించాడు.

“మెదార్ జబ్బుతో పోలేదు. గని దగ్గర కిరాయి సైనికులు కాల్చి చంపారు. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.”

బొనిఫాస్ చేయి ప్రసారం ఆపే మీట మీదే ఉంది. నొక్కలేదు. వార్త అయ్యేదాకా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

“సంత దారిన సైనికులుంటారు, అటు పోకురా తమ్ముడూ,” అన్నాడు చివరికి.

అనిసె పొలాల వెంట ఇల్లు చేరాడు. రేడియో విన్న పెలాజీ అప్పటికే పిల్లల్ని నది అవతల చెల్లెలింటికి పంపేసింది. యాసిమేను లోపల కూర్చోబెట్టి తన దుప్పటి కప్పింది. వీధి మొదట్లో సైనికుల బండి ఆగిన చప్పుడైంది. పెలాజీ అనిసె చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తలుపు మెల్లగా మూసింది.