ఐదో తరగతి ఓటు

ఐదో తరగతిలో చీటీ మీద తాను రాసిన పేరు పద్మకు తెలుసా, తెలియదా? ఇరవై అయిదేళ్లుగా లీల మనసులో నలుగుతున్న అనుమానం అది. సోమవారం ఒక్కపొద్దు నాడు దీపం ముందు కూర్చున్నా, వేములవాడలో కోడెమొక్కు వరుసలో నిలబడ్డా ఏదో ఒక వేళ గుర్తుకొచ్చేది. దేవుడిని అడిగితే ఆయన పలకడు. పద్మను అడిగే ధైర్యం తనకు లేదు.

ఈ రోజు బీడీ ఆకు మరీ అధ్వాన్నంగా ఉంది. కార్ఖానాలో తూచి ఇచ్చిన తునికాకులో సగానికి చిల్లులే. వెయ్యి బీడీలు చుడితే రెండు వందల అరవై రూపాయలు. ఈ ఆకుతో ఏడు వందల బీడీలు దాటితే గొప్ప. తక్కువపడ్డ ఆకు సొంత డబ్బుతో కొని వెయ్యి లెక్క అప్పజెప్పాలి. మధ్యాహ్నం రెండు దాటినా, కట్టకు పాతిక చొప్పున పదమూడు కట్టలే అయ్యాయి. ఒళ్లో చాట, చాటలో తంబాకు. నడుము పట్టేసింది.

జ్వరం తగ్గి ఇంట్లోనే ఉన్న కూతురు మనీషా పక్కన కూర్చుని సోషల్ నోట్‌బుక్కు తెరిచింది. టీచరు పది పదాలిచ్చింది. ఒక్కోదానికి అర్థం రాసి, సొంత ఊరి నుంచి ఉదాహరణ రాయాలి.

"అమ్మా, గ్రామసభ అంటే ఏంది?"

"ఊరందరు కూసోని మాట్లాడుకునుడు."

"మనూర్ల ఏడ కూసుంటరు?"

"గుడికాడ."

"మరి నువ్వెన్నడు పోవు గదా?"

"ఆడోళ్లు పోరు బిడ్డా. కమిటోళ్లు పోతరు."

మనీషా పెన్సిల్ కొన కొరికింది. "ఓటున్నోళ్లందరు పోవాలని టీచరన్నది. ఏది రాయాలె?"

"టీచర్ చెప్పిందే రాయి."

"ఎగ్జాంపుల్ మనూరిదే ఉండాల్నట."

లీల ఇంకో ఆకు కత్తిరించింది.

పది రోజుల కింద గుడి దగ్గర గ్రామాభివృద్ధి కమిటీ సర్పంచు పదవిని వేలం పెట్టింది. ఈసారి సీటు ఆడవాళ్లకు వచ్చింది. పెద్ద రైతు జగదీశ్ తన భార్య ఊర్మిల పేరున ఇరవై ఒక్క లక్షలకు పాడుకున్నాడు. ఆ డబ్బుతో గుడికి గోపురం కడతారు, ఎన్నిక ఏకగ్రీవం అవుతుంది, ఊరికి గొడవ ఉండదు అన్నాడు కమిటీ పెద్ద ఆనందం. గోపురం మాట వినగానే లీల చేతులు కళ్లకద్దుకుంది. తరువాతే ఒక ప్రశ్న మెల్లగా లోపల మెదిలింది. అడగకుండా తన ఓటును కూడా అమ్మి కట్టిన గోపురం కింద తాను నిలబడి మొక్కితే, ఆ మొక్కు చేరుతుందా?

మరుసటి రోజే, తాను కూడా నామినేషన్ వేస్తానంది పద్మ. తన వాడకట్టులో ఉపాధిహామీ కాగితాలన్నీ రాసిపెట్టేది ఆమే. మొగుడు నరేందర్ గల్ఫ్ నుంచి శవపెట్టెలో వచ్చి ఆరేళ్లయింది. ఆమె ఆ మాట అన్న సాయంత్రమే గుడి మైకులో చాటింపు వచ్చింది. పద్మతో మాట్లాడితే ఐదు వేలు జుర్మానా. ఆమెకు సాయం చేసిన ఇంటికి కిరాణం బంద్, ఆటో బంద్, కార్ఖానాలో ఆకు బంద్. కార్ఖానా ఆనందం తమ్ముడిదే.

అప్పటి నుంచి పద్మ బోరింగు దగ్గరికి వస్తే బిందెలు వెనక్కి జరిగేవి. లీల కూడా తన బిందెను జరిపింది.

వాకిట్లో నీడ పడింది. పద్మ గేటు బయటే నిలబడింది. చేతిలో మడిచిన కాగితం, కాళ్లకు దుమ్ము.

"పటేలమ్మా, నువ్వు మాట్లాడకు. మాట్లాడితె జుర్మానా. సంతకానికి నోరక్కెర లేదు."

పెద్దయ్యాక పద్మ ఆమెను పేరు పెట్టి పిలవదు. లీల చేతిలో దారం ఆగింది.

"నా పేరు ప్రతిపాదించేటోళ్లు ఒక్కలు గావాల్నట. గీ ఊరి ఓటరై ఉండాలె. మా ఇంట్ల నేనొక్కదాన్నే. మా వాడల పదకొండిండ్లు తిరిగిన. అందరు తలుపుల సందుల కెల్లే అద్దన్నరు. ఇయ్యాలే ఆఖరు, ఐదు గంటలకు నామినేషన్లు బంద్ జేస్తరు."

గోడవతల నుంచి పక్కింటి రాజవ్వ తల లేచింది. "ఓ లీలా! ఐదు వేలు మూట గట్టి వెట్టుకున్నవా? మస్కట్ పైసలు బగ్గనే అత్తున్నట్టున్నయ్!"

పొద్దున మస్కట్ నుంచి మొగుడు ప్రకాశ్ పంపిన మాట ఫోన్లో ఇంకా ఉంది. 'ఊరి గొడవలు మనకద్దు. గుడి పనికి అడ్డం పోకు.' ఎనిమిదేళ్లుగా ఆ ఫోన్లోంచి వచ్చేవి ఇలాంటి మాటలే. ఈ ఇంట్లో తాను ఎలా ఉన్నదీ ఆ ఫోను ఎన్నడూ అడగలేదు.

పద్మ కాగితం కొంగులో పెట్టుకుని వెనక్కి తిరిగింది.

"అమ్మా," అంది మనీషా నెమ్మదిగా. "తొమ్మిదో పదం ప్రతిపాదకుడు. గా అత్త అడిగింది గదేనా? మనూర్ల ఎవ్వరని రాయాలె?"

ఐదో తరగతిలో ఆ రోజు సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేశారు. క్లాసు లీడరు ఎన్నిక. అప్పుడూ ఈ జగదీశ్, పద్మలే నిలబడ్డారు. లీలకు ఎక్కాలు నేర్పింది పద్మే. 'నా ఓటు నీకేనే' అని లీల పద్మ చేతిలో చెయ్యేసింది. బడి వెనక జగదీశ్ లీలకు ఒక జామపండు ఇచ్చాడు. ఒక్క ఓటుతో పద్మ ఓడిపోయింది. 'నువ్వు నాకే ఏసినవ్ గదా?' అని పద్మ అడిగితే లీల అవునని తలూపింది.

లీల లేచింది. ఒళ్లోని చాట జారి తంబాకు నేల మీద చల్లుకుపోయింది.

"పద్మా! ఆగు."

రాజవ్వ నోరు వెళ్లబెట్టింది. మాట బయటికి వచ్చేసింది. ఇక వెనక్కి రాదు.

బోర్లించిన చాట మీద కాగితం పెట్టి లీల పేరు రాసింది. సంతకం పక్కన తంబాకు వేలిముద్ర పడింది. చీరకొంగుతో తుడవబోతే పద్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్." కాగితం ఊది మడిచింది. తరువాత, చాలా ఏళ్ల కింద పిలిచినట్టు పిలిచింది. "ఏమే లీలా, గా జామపండు తియ్యగుండెనా?"

లీల కొంగు వదిలేసింది. "నీకెట్ల ఎర్క?"

"వాడు నీకు పండిచ్చుడు సూసిన. చీటీలు లెక్కవెట్టినంక క్లాసు ఊడ్వుమని సారు నాకే చీపురిచ్చిండు. నీ చేతిరాత నాకెర్క లేదా?"

"మరి ఇన్నేండ్లు మల్లెన్నడు అడగకపోతివి?"

"అడిగితె నువ్వొక్కదానివి గూడ మాట్లాడవని."

"పచ్చిదే. వగరు," అంది లీల.

"పోనీ తియ్యి. గప్పటి ఓటు ఇయ్యాల ముట్టింది."

నామినేషన్లు తీసుకునే క్లస్టర్ ఊరు మూడు కిలోమీటర్ల దూరం. ఆటో ఎక్కించుకోరు. వడ్లు ఆరబోసిన రోడ్డు అంచున పద్మ వేగంగా నడిచిపోయింది. రాజవ్వ అప్పటికే గుడి వైపు బయలుదేరింది. లీల కింద కూర్చుని తంబాకు ఎత్తసాగింది. రేపటి నుంచి ఆకు దొరకదు. తెలిసీ ఒక్కో పలుకూ ఏరుతోంది.

గుడి మైకు గరగరలాడింది.

"అమ్మా, నీ పేరు రాయాల్నా?"

"రాయి బిడ్డా," అంది లీల తలెత్తకుండా. "పెన్సిల్ అద్దు. పెన్నుతోని రాయి."