పడుకున్న మనిషి కంటి ఎత్తు

సూది విరిగిన చప్పుడుకి మిషను తొక్కుతున్న ఆమె కాలు దానంతటదే ఆగిపోయింది. మూడు పొరల కాన్వాసు ఒక్కచోట కలిసే మూలల్లో సూదులు విరగడం మామూలే. విరిగిన ముక్కని వేళ్ళతో తడిమి వెతికి, పాత మందు డబ్బాలో వేసి, కొత్త సూది బిగించింది. దారం కొసని పెదవులతో తడిపి ఎక్కించింది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. పక్క షెడ్డులో తమ్ముడు జీపు కింద దూరి గట్టిగా తిడుతున్నాడు. తిట్టేది మనిషిని కాదు, ఊడిరాని నట్టుని.

ఆమెని అందరూ డేరా అక్క అంటారు. ఆమెకంటే పెద్దవాళ్ళూ అలాగే అంటారు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బరువు గుడ్డని కుడిచేత్తో మిషన్లోకి తోసి తోసి కుడిభుజం ఎడమదానికంటే కిందికి జారింది. చూపుడువేలికి పక్కన దారం లాగిన చోట ఒక గాడి పడింది. ఉల్లిపాయ కోసినా, బట్టలు ఉతికినా ఆ గాడి మండుతుంది. ఆమె కూర్చునే చోటు గ్యారేజీ వెనక రేకుల గది. ఒకప్పుడు పాత టైర్లు పడేసే గది. వెలుతురు వీపు మీదుగా పడాలని మిషను గోడవైపు తిప్పి పెట్టారు. అందుకని రోజంతా ఆమె ముందు ఉండేది గోడ.

మిషను ఆమె భర్తది. లారీల మీద కప్పే టార్పాలిన్లు కుట్టేవాడు. ఒకరోజు టార్పాలిన్ బిగించి ఇస్తానని లారీ ఎక్కి, డ్రైవరుతో మాటల్లో పడి, ఆ లారీతోనే పోయాడు. వస్తానని చెప్పి పోయినవాడు కాదు, రానని చెప్పి పోయినవాడూ కాదు. చాలాకాలం ఆమె రోడ్డు మీద పోయే లారీల కప్పుల మీద కుట్లు చూసేది. మనిషి ముఖం మారొచ్చు గానీ చేతికుట్టు మారదు కదా అని. ఆ తర్వాత చూడటం మానేసింది. ఫలానా రోజున మానేశానని ఆమె కూడా కచ్చితంగా చెప్పలేదు. "నాలుగు రోజులు మా ఇంట్లో ఉండక్కా" అని తమ్ముడు మిషనుతో సహా తీసుకొచ్చాడు. నాలుగు రోజులు ఇంకా అవుతూనే ఉన్నాయి.

తమ్ముడి దగ్గరికి వచ్చేవి రోడ్ల మీద తిరిగే బళ్ళు కావు. కొండలెక్కే జీపులు, వాగుల్లో దిగే జీపులు. వారమంతా చొక్కా నలగకుండా పనిచేసేవాళ్ళు సెలవురోజున బురదలో దొర్లడానికి కొనుక్కున్నవి. వీళ్ళంతా బండి నడపడానికే పోతారని ఆమె మొదట్లో అనుకుంది. వాళ్ళు తెచ్చే చిరుగులు చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఒకాయన గేలాల సంచీ తెస్తాడు. అది విప్పితే గదంతా చేపల నీచు. ఒక డాక్టరమ్మ రాత్రంతా కొండమీద కూర్చుని చుక్కలు చూస్తుంది. ఆమె పెద్ద గొట్టానికి నల్లగుడ్డ తొడుగు కుట్టాలి. ఇంకొకాయన రాళ్ళు ఏరుకొస్తాడు. ఆయన సంచీలు అడుగున తప్ప ఎక్కడా చిరగవు. "ఇంట్లో అలమారలో పెట్టుకుంటాడట! మన పెరట్లో ఉన్నవి కూడా పట్టుకుపొమ్మని చెప్పు" అని ఆమె మరదలితో అంటూ ఉంటుంది. రెండు చెట్ల మధ్య ఊయల కట్టుకుని పడుకోవడానికి మాత్రమే అంతదూరం పోయే కాంట్రాక్టరు ఒకడున్నాడు. ఆయన ఊయల ప్రతిసారీ నడిమిలోనే చిరుగుతుంది.

"గుడ్డ మంచిది కాదేమో అక్కా" అన్నాడు ఒకసారి.

"గుడ్డ అంతే ఉంది బాబూ. మీరే పెరుగుతున్నారు."

బళ్ళు కొనుక్కునేది పోవడానికి కాదు, ఎక్కడో ఒకచోట ఆగడానికి అని ఆమెకి అర్థమైంది. తనకి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. తను ఎక్కడికీ పోలేదు కాబట్టి.

"నువ్వూ ఓసారి రా అక్కా" అంటారు అందరూ. "నేనొస్తే ఈ చిరుగులెవరు కుడతారు?" అంటుంది. అడిగేవాళ్ళు నిజంగా అడగరు, ఆమె నిజంగా చెప్పదు. అక్కడితో సరి.

ఈరోజు మిషను మీద ఉన్నది పిట్టలాయన డేరా. మనిషి లోపల దాక్కుని, సన్నటి కిటికీలోంచి పిట్టల్ని చూడటానికి కుట్టిన ఆకుపచ్చ డేరా. ఒకప్పుడు ఆయన జీపు ఎక్కని గట్టు లేదంటారు. అప్పట్లో కిటికీ నిలుచున్న మనిషి కంటి ఎత్తులో పెట్టమన్నాడు. కొన్నేళ్ళకి మోకాళ్ళు మొరాయించాయి. పాత కిటికీకి మాసిక వేసి, పీట మీద కూర్చున్న మనిషి ఎత్తులో ఇంకోటి తెరిచింది. ఇప్పుడు తుంటి ఎముక విరిగి అతుక్కుంది. కూర్చోవడం కూడా కష్టమే. ఆ రెండో కిటికీకీ మాసిక పడింది. ఆయన ముసలితనం ఆమెకి ఆయన ముఖంలో కంటే ఆ డేరా గుడ్డ మీదే ఎక్కువ కనిపించింది.

తక్కినవాళ్ళు చిరిగినవి తెచ్చి పడేసి, కుట్టినవి పట్టుకుపోతారు. పిట్టలాయన మాత్రం తిరిగొచ్చాక ఆ గదిలోకి వచ్చి, తిరగేసిన డబ్బా మీద కూర్చుని, కిటికీలోంచి ఏం చూశాడో చెబుతాడు. ఏ పిట్ట ఎటు నుంచి వచ్చింది, నీళ్ళు తాగేముందు ఎన్నిసార్లు అనుమానంగా తల తిప్పింది, అన్నీ. ఆమె మిషను ఆపదు. ఆయన వచ్చిన రోజున మాత్రం మెల్లగా తొక్కుతుంది.

పొద్దు బాగా ఎక్కాక మరదలు వచ్చింది. చంకలో చుట్టగా చుట్టినదేదో ఉంది.

"వదినా, పిట్టలాయన కూతురు ఇచ్చి వెళ్ళింది. దీన్ని డేరాలో వేయాలట."

"ఏంటది?"

"పరుపు. గాలి కొడితే ఉబ్బుతుంది. కటిక నేల మీద పడుకుంటే నడుం ఒప్పుకోదట ఆయనకి."

ఆమె కాలు ఆగిపోయింది. ఈసారి సూది విరగలేదు. ఆయన పడుకుని చూస్తానన్నాడని, నేల మీద బోర్లా పడుకుని పిడికిలి గడ్డం కింద పెట్టుకుంటే కన్ను ఎక్కడికొస్తుందో తన మోచేత్తోనే కొలిచి, కిటికీ కోసేసింది. మామూలుగా అయితే ముందు కచ్చా కుట్లు వేసి, డేరా నిలబెట్టి, సరిచూసుకున్నాకే పక్కా కుట్టు వేస్తుంది. ఈసారి తొందరలో అది మానేసింది. పరుపు మందం కలిస్తే ఆయన కంటికి ఎదురయ్యేది కిటికీ కాదు, గుడ్డ.

"సాయంత్రానికి వస్తారట తీసుకోవడానికి. తెల్లారి ప్రయాణం" అంది మరదలు. "కాదని ఫోన్ చేయించనా?"

తమ్ముడి ఫోన్ తెప్పించుకుని తనే మాట్లాడింది.

"చెల్లెమ్మా, అవుతుందా?" అన్నాడు పిట్టలాయన.

"అవుతుంది."

"కాకపోతే మొహమాటపడకు. పిట్టపిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయని అడవి వాచర్ చెప్పాడు. రెక్కలొస్తే ఎగిరిపోతాయి. పిట్టలు ఆగవు గానీ, నేను వచ్చే ఏటిదాకా ఆగగలను."

"ఆగగలరా?"

 అవతల నవ్వు. "లేదులే."

"అయితే సాయంత్రం రండి" అని ఆమె ఫోన్ ఇచ్చేసింది.

కుట్టిన చేతులతోనే విప్పడమంత విసుగు పని ఇంకొకటి లేదు. కుట్టు కుట్టుకీ బ్లేడు మొన దూర్చి తెంపాలి. గుడ్డ తెగకూడదు. తను గట్టిగా కుట్టినందుకు తననే తిట్టుకుంటూ తెంపింది. మధ్యలో రెండు ముద్దలు తింది. ఎడమచెయ్యి భుజం దగ్గర్నుంచి లాగుతోంది. చెమటలు పట్టాయి. రేకుల కింద ఎవరికైనా పడతాయి.

"కాసేపు నడుం వాల్చరాదా వదినా! ముఖం చూడు, పీక్కుపోయింది" అంది మరదలు కంచం తీస్తూ.

"వాలిస్తే మళ్ళీ లేవబుద్ధి కాదే."

"మొండిది" అని మరదలు గోడకి చెప్పి వెళ్ళిపోయింది.

కింది అంచుకి మాసిక వేసి, కిటికీని పైకి జరిపి, తెల్లదారంతో కచ్చా కుట్లు వేసింది. ఇక డేరా నిలబెట్టి చూడాలి. గ్యారేజీ ముందు చోటు లేదు. వెనక ఖాళీ స్థలంలోకి మోసుకుపోయింది. అక్కడ పాత టైర్ల గుట్ట ఉంది, పిచ్చిమొక్కలు ఉన్నాయి. కొళాయి దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఊచలు బిగించి, తాళ్ళు లాగి కట్టి, పరుపుకి గాలి కొట్టి లోపలికి తోసింది. ఎన్ని వందల డేరాలు కుట్టిందో గానీ, పూర్తిగా నిలబెట్టిన డేరా లోపలికి మనిషి ఎలా దూరతాడో ఆమెకి సరిగా తెలియదు. ముందు తల పెట్టాలా, కాలు పెట్టాలా అని ఒక క్షణం తటపటాయించింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి చూసి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని తలతోనే దూరింది.

లోపల ఆకుపచ్చ నీడ. పరుపు మీద మోకాలు పెడితే మెత్తగా లోపలికి దిగింది. ఆమెకి నవ్వొచ్చింది. బోర్లా పడుకుని, పిడికిలి గడ్డం కింద పెట్టుకుంది. కిటికీ సరిగ్గా కంటికి ఎదురుగా వచ్చింది. వెంట్రుకంత తేడా లేదు.

పని అయిపోయింది. లేచి పక్కా కుట్టు వేయాలి. కానీ ఒళ్ళు మొత్తం ఒక్కసారిగా ఆ మెత్తదనం మీద బరువు వదిలేసింది. ఇంకొంచెం సేపు అనుకుంది. బయట ఏదో కదిలింది గానీ అంతా అలుక్కుపోయినట్టు ఉంది. దగ్గరి చూపుకి పెట్టుకున్న అద్దాలు కదా. సూదినీ దారాన్నీ తప్ప దేన్నీ చూపించవు. తీసి పక్కన పెట్టింది.

అప్పుడు కనిపించింది. పడేసిన ఒక టైరులో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. దాని అంచు మీద గుప్పెడంత పిట్ట. బూడిద రంగు, గొంతు దగ్గర మాత్రం ఎవరో పసుపు వేలితో తాకినట్టు ఒక మచ్చ. అది నీళ్ళకేసి చూసి, ఆకాశంకేసి చూసి, సరాసరి ఆమెకేసి చూసింది. ఆమె కదల్లేదు. పిట్టలాయన చెప్పినట్టే ఉంది. తల తిప్పడం, అనుమానం, మళ్ళీ తిప్పడం. చివరికి ముక్కు ముంచి, గొంతు పైకెత్తి తాగింది. ఆ మచ్చ కిందికీ పైకీ ఆడింది. ఇన్నేళ్ళూ తన వీపు వెనకే ఇది ఉందా అనుకుంది. ఈసారి ఆయన వస్తే చెప్పడానికి తన దగ్గరా ఒకటుంది. ఇంకోటి వచ్చి వాలింది. గుండెల్లో ఏదో బరువుగా నొక్కుతోంది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. కదిలితే అవి ఎగిరిపోతాయి.

పొద్దు వాలుతుండగా పిట్టలాయన జీపు వచ్చింది. నడిపింది కూతురు. ఆయన వెనక సీట్లో కాళ్ళు చాపుకుని పడుకుని వచ్చాడు. తమ్ముడు ఆయన్ని మెల్లగా దింపి, చేతికర్ర అందించి, "అక్కా! ఆయనొచ్చారే!" అని కేక వేశాడు. రేకుల గదిలో ఎవరూ లేరు. ముగ్గురూ వెనక ఖాళీ స్థలంలోకి వచ్చారు. డేరా తెరలోంచి ఆమె పాదాలు కనిపిస్తున్నాయి.

"అక్కా!"

"అరవకయ్యా" అన్నాడు పిట్టలాయన, గొంతు తగ్గించి. "లోపల పడుకుని చూస్తోంది. చూడనీ."

తమ్ముడు నవ్వాడు. "మా అక్కా? పిట్టల్నా?"

"ఏం, మీ అక్కకి కళ్ళు లేవా?"

కూతురు కుర్చీ తెచ్చి వేసింది. ఆయన పక్కకి ఒరిగి కూర్చుని, కర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని, డేరా వైపు చూస్తూ ఉన్నాడు. ఎదురుచూడటం ఆయనకి అలవాటే. టైరు మీద పిట్టలు రెండూ ఇంకా ఉన్నాయి. ఒకటి నేల మీదికి దూకింది. పురుగుల్ని ఏరుకుంటూ, గెంతుతూ, తెరిచి ఉన్న ఆ తెర దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగి తల తిప్పింది. లోపలికి గెంతింది. చీర అంచు మీద నిలబడింది. అక్కణ్ణుంచి ఆమె పాదం మీదికి ఎక్కింది.

పిట్టలాయన మోకాళ్ళ మీది కర్ర కింద పడింది. పిట్ట తుర్రుమంది. డేరాలో ఏమీ కదల్లేదు.

"అబ్బాయ్" అన్నాడు ఆయన. "నువ్వెళ్ళు లోపలికి. మెల్లగా వెళ్ళు."

తమ్ముడికి అర్థం కాలేదు. ఆయన ముఖం చూశాక పరిగెత్తాడు.

మరదలు ఏడుపు విని వీధిలోవాళ్ళు వచ్చారు. ఆమెని ఆ పరుపు మీదే ఉంచి, నాలుగు మూలలా పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయారు. బరువే లేదని మోసినవాళ్ళలో ఒకరు అన్నారు. కూతురు తండ్రి దగ్గరికి వచ్చి, "నాన్నా, డేరా విప్పమంటారా?" అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. రేపటి ప్రయాణం గురించి కూతురూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. కాసేపటికి కర్ర వెతుక్కుని, కూతురి భుజం పట్టుకుని, అతికష్టం మీద వంగి ఒక్కసారి లోపలికి చూశాడు.

పరుపు తీసేసిన నేల మీద, కిటికీ కింద, ఆమె కళ్ళద్దాలు ఉన్నాయి. ఒక కాడ మడిచి ఉంది. మర ఊడిపోయిన చోట డేరా దారం గట్టిగా చుట్టిన రెండో కాడ మడత పడక, అలాగే బయటికేసి చాచి ఉంది.