పిడుగు వేసిన తాళం

కాదమ్మా కోడలా, ఆ మాట కొట్టెయ్యకు. కత్తిరించాడు అనే రాయి. తీశాడు అని రాస్తే తాళంచెవి పెట్టి తీశాడనుకుంటారు. నీ మొగుడు కాబట్టి మెత్తగా రాయాలని నీకుంటుంది. నా కొడుకు కాబట్టి మెత్తగా చెప్పాలని నాకూ ఉంది. అందుకే నెమ్మదిగా చెబుతున్నాను, నువ్వూ నెమ్మదిగానే రాయి.

మన పిడుగు, అంటే నా కూతురి కూతురు, సీసాల ఫ్యాక్టరీలో మరమ్మతు పనికి చేరింది. అక్కడ లైను సూపర్‌వైజరు మనవాడే, నీ మొగుడే. యంత్రాలు బాగుచెయ్యాలంటే ఇప్పుడు పరీక్ష ఉంది. అన్నిటికంటే కింది మెట్టు పరీక్ష. నేను గోదాములో మూటలు మోసినవాణ్ణి, నాకివేం తెలుసు. కానీ ఆ పిల్ల వంటింట్లో తిరుగుతూ పైకి చదువుతుంటే బేరింగులూ బెల్టులూ నా చెవుల్లోనే తిరిగేవి. మొదటి పాఠం తాళం. యంత్రంలో చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపాలి. స్విచ్చికి నీ తాళం వెయ్యాలి. తాళంచెవి నీ జేబులో ఉండాలి. ఎవరు వేసింది వాళ్ళే తియ్యాలి. ఆ పాఠం చదివిన వారం మా టీవీ ప్లగ్గుకి కూడా తాళం పడింది. సీరియల్ పోయిందని మీ అత్తగారు ఒకటే గోల. "నేను వేసింది నేనే తియ్యాలి అమ్మమ్మా, నువ్వు అరిచినా అంతే" అంది.

పాసయింది. మనవాడు ఫ్యాక్టరీ అంతా తిప్పి, మా మేనకోడలు అని చూపించుకున్నాడు. అయితే పాసైనంత మాత్రాన కార్డు రాదట. కొన్నాళ్ళు పని చేశాక, ఈ పిల్లకి పని వచ్చు, జాగ్రత్త ఉంది అని సూపర్‌వైజరు సంతకం పెట్టాలి. ఆ కార్డుంటే ఏ ఫ్యాక్టరీకైనా వెళ్ళొచ్చు. లేకపోతే గాజుపెంకులు ఊడ్చే పనే.

ఒకరోజు సీసాలు నడిచే బెల్టు కింద బేరింగు పోయింది. పిల్ల కరెంటు ఆపి, తాళం వేసి, కొత్త బేరింగు కోసం స్టోరుకి వెళ్ళింది. స్టోరు గుమస్తా టీకి పోయాడు, ఆలస్యమైంది. ఇక్కడ మేనేజరు ఫోను మీద ఫోను. మనవాడు కట్టరు తెచ్చి తాళం కత్తిరించాడు. బెల్టు కీచుమంటూనే కాసేపు నడిచింది. సీసాలు అయిపోయేసరికి దానంతటదే ఆగింది, మళ్ళీ సీసాలొస్తే దానంతటదే కదులుతుంది. పిల్ల తిరిగొచ్చింది. బెల్టు ఆగే ఉంది. స్విచ్చి అవతలి పక్క ఉంటుంది, ఇటునుంచి కనబడదు. తాళం తాను వేసిందే కదా అనుకుని చెయ్యి పెట్టింది. ఇంతలో సీసాలొచ్చాయి, బెల్టు కదిలింది. గ్లవ్వు లోపలికి పోయింది, చెయ్యి బయటికొచ్చింది. రెండు వేళ్ళ తోలు లేచిపోయింది, అంతే. అంతే అన్నది డాక్టరు, నేను కాదు.

తాళం ఎవరు తీశారని ఆఫీసువాళ్ళు అడిగారు. ఇక్కడ ఆపకమ్మా, రాయి. ఆ సాయంత్రం మీరిద్దరూ మా ఇంటికొచ్చారు. మనవాడు పిల్ల పక్కన కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు, లేదనను. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"తాళం నేనే తీశానని చెప్పు తల్లీ. కొత్తదానివి, ఒక మాట అని వదిలేస్తారు. నేనని తెలిస్తే నన్ను ఇంటికి పంపేస్తారు. అప్పుడు నీ కార్డు మీద సంతకం ఎవరు పెడతారు?"

"మరి తాళం ముక్కలో మామయ్యా?"

"అవి నేను చూసుకుంటాలే."

నేను వద్దన్నాను. దాని తల్లి, అన్నయ్యతో తగువెందుకు, సరే అనెయ్యమంది. నువ్వు టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళావు. అది కూడా రాయి.

పిల్ల అలాగే చెప్పింది. జాగ్రత్త లేదని ఆఫీసువాళ్ళు చీవాట్లు పెట్టారు. ఆ వారమే, జాగ్రత్త ఉందని మనవాడు సంతకం పెట్టాడు. కార్డు వచ్చింది. దాని మీద పరీక్షనాటి ఫొటో, నవ్వుతూ ఉంటుంది.

మొన్న అడిగాను, తాళం వేస్తున్నావా అమ్మా అని.

"మామయ్యని అడిగి వేస్తున్నా తాతయ్యా."

"వద్దంటే?"

"తొందరగా చేసేస్తా."

పాఠం అడిగితే ఇప్పటికీ గడగడా చెబుతుంది. చెయ్యి మాత్రం తాళం లేకుండానే లోపలికి పోతోంది.

వాడు నా దగ్గరికి రావడం మానేశాడు. ఫోను చేస్తే పనిలో ఉన్నానంటాడు. అందుకే రాయిస్తున్నాను. ఆ తాళం నేనే కత్తిరించానని వాడు ఆఫీసుకి వెళ్ళి వాడి నోటితో చెప్పాలి. ఉద్యోగం పోతే పోనీ. అవునమ్మా, నీ వంటింటి మీద కూడా పడుతుంది, తెలిసే చెబుతున్నాను.

ఇంటికెళ్ళాక వాడికి ఇది చదివి వినిపించు. అన్నం తిన్నాకే చదువు, ముందైతే కంచం వదిలి లేచిపోతాడు. మధ్యలో చాలు ఆపమంటాడు. ఆపకు. చివరిదాకా చదువు తల్లీ.