కొంగ బిళ్ల

ముందు గదిలో ఫొటోలకు ఫ్రేములు కడతాను. వెనక గదిలో ఉంటాను. రెండింటికీ మధ్య గోడ మీద నా సంసారమంతా ఉంది: నీలం మఖ్మల్ గుడ్డ మీద గుచ్చిన సైనికుల టోపీ బిళ్లలు. అన్నీ నకళ్లే. అసలైనవి పోగుచేసేవాళ్లు నా గోడ చూసి ముక్కు చిట్లిస్తారు. చిట్లించుకోనీ. అసలు బిళ్ల ఎవడి చెమటకో తడిసిన వస్తువు, అది వాళ్లింట్లో ఉండాలి. నాకు కావలసింది దాని వెనక కథ. అది నకలుతో కూడా వస్తుంది.

వినే నాథుడే లేడు. మేకులు కొట్టేదాకా కదలడానికి వీల్లేని ఖాతాదారులే నా శ్రోతలు. "ఈ పటాలం వాళ్లకు టోపీ వెనక కూడా ఒక బిళ్ల ఉంటుందండీ. శత్రువులు రెండువైపులా కమ్ముకుంటే వీపుకు వీపు ఆనించి నిలబడ్డారట" అని మొదలుపెట్టగానే వాళ్లకు పొయ్యి మీద పెట్టి వచ్చిన పాలు గుర్తొస్తాయి.

ఆ గుడ్డ మధ్యలో ఒక చోటు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండేది. అది మా అన్నయ్య పటాలానిది. నదుల మీద వంతెనలు కట్టే పటాలం. యుద్ధం కోసం పుట్టి, యుద్ధంతోపాటే పోయింది. ఒక వంతెనతోపాటు అన్నయ్యా నీళ్లలో కలిసిపోయాడు. మనిషీ రాలేదు, టోపీ రాలేదు. పుస్తకాలన్నీ తిరగేసినా ఆ పటాలానికి ఒక్క వాక్యం మించి దక్కలేదు. దాని బిళ్లకు నకలు కూడా ఎవరూ చెయ్యలేదు. ఎవరికీ అక్కర్లేనిదానికి నకిలీ సరుకు మాత్రం ఎందుకు పుడుతుంది?

మిగిలింది ఒక్క ఫొటో. టోపీ పెట్టుకున్న అన్నయ్య, కుడి కంటి కింద పుట్టుమచ్చ, టోపీ మీద ఒంటికాలి కొంగ. నా చిన్నప్పుడే పోయాడు గనక నాకు తెలిసిన అన్నయ్య అంతా ఆ ఫొటోలోనే ఉన్నాడు. చివరికి రేకు బిళ్లలకు అచ్చు కొట్టే ఆయన్ని బతిమాలి, ఆ ఫొటోను పెద్దది చేసి చూపించి, బిళ్ల చేయించుకున్నాను. "మీకు తప్ప ఇంకెవరికండీ ఇది?" అన్నాడాయన. "నాకే" అన్నాను. దాన్ని ఆ ఖాళీలో గుచ్చిన రోజు, సిగ్గు విడిచి చెబుతున్నాను, దానితో చాలాసేపు మాట్లాడాను. ఇంట్లో ఇంకెవరున్నారు గనక!

పోయిన వారం ఒక ముసలాయన చేతికర్రతో వచ్చాడు. పోయిన భార్య ఫొటోకు ఫ్రేము కట్టాలట. నేను కొలతలు తీస్తుంటే ఆయన గోడకేసి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

"ఈ కొంగ ఎక్కడిది బాబూ?"

"మా అన్నయ్య పటాలానిదండీ."

"మాదీ అదే. అక్కడ వంట చేసేవాణ్ణి." దగ్గరికెళ్లి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇదేంటి, పెడమొహం పెట్టింది?"

నాకు ఒళ్లు మండింది. "ఫొటో చూసి చేయించానండీ. మీ కళ్లే మసకేసుంటాయి."

"మసకే, కాదనను. కానీ కొత్తగా చేరినవాడికి మా సారు చెప్పే మొదటి మాటే అది. కొంగ ముక్కు నీ గుండె వైపు, నీ చూపు నీళ్ల వైపు అని. రోజూ పొయ్యి ముట్టించే ముందు అదే అనుకుంటూ టోపీ పెట్టుకున్నా. ఎట్లా మర్చిపోతాను?" అని ఎడమ రొమ్ము తట్టుకున్నాడు.

నా కొంగ ముక్కు, టోపీ పెట్టుకున్నవాడికి కుడి వైపు వచ్చేలా ఉంది.

ఫొటో తెచ్చి దీపం కింద పెట్టాను. మగవాళ్ల చొక్కాకు ఎడమ అంచు పైకి రావాలి. అన్నయ్య చొక్కాకు కుడి అంచు పైనుంది. ఫొటో తీసినవాడు నెగెటివ్‌ను తిప్పి పెట్టి అచ్చు వేశాడు! ఊళ్లోవాళ్ల ఫొటోలు ఏవి ఇలా తిరగబడి వచ్చినా గుమ్మంలోనే పట్టేస్తాను, పైగా ఎగతాళి చేస్తాను. మా ఇంటి ఫొటో దగ్గర మాత్రం దీపం కింద చీకటి.

"ఈ అబ్బాయి గుర్తున్నాడా?" అని అడిగాను. గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"ఎంతోమందికి వడ్డించాను బాబూ. ఏమనుకోకు."

నా మొహం చూసి జాలిపడ్డాడేమో, బిళ్లను గుడ్డ మీంచి ఊడదీసి వెనక్కి తిప్పాడు. పల్చటి రేకు కదా, ముందు ఉబ్బిన కొంగ వెనక గుంటగా పడి ఉంది. దాని ముక్కు సరిగ్గా గుండె వైపే ఉంది.

"ఇదిగో, ఇట్లా పెట్టుకో" అన్నాడు.

వెనకవైపు పైకి వచ్చేలా గుచ్చాను. వచ్చే వారం ఫ్రేము తీసుకుంటానని ఆయన కర్ర తాటించుకుంటూ వెళ్లిపోయాడు.

వెనక గదిలో గడ్డం గీసుకునే అద్దం ఉంది. ఫొటోను దాని ముందు పట్టుకున్నాను. పుట్టుమచ్చ ఎడమ కంటి కిందికి వచ్చింది. చూస్తూ ఉండగానే నా వేలికి ఏదో గుర్తొచ్చింది. అన్నయ్య నన్ను ఎడమ చంకన ఎత్తుకునేవాడు. నేను ఆ పుట్టుమచ్చను నొక్కేవాణ్ణి. నొక్కినప్పుడల్లా సైకిల్ బెల్లులా "ట్రింగ్" అనేవాడు. "మళ్లీ కొట్టరా బుడ్డోడా" అనేవాడు. ఇన్నేళ్లూ ఆ ఫొటో దాన్ని నా చెయ్యి అందని వైపు పెట్టి దాచింది. ఏడుపు ఆగలేదు.

అద్దంలో వాడి కుర్రమొహం, పక్కన నా ముసలిమొహం. నన్ను బుడ్డోడా అని పిలిచే మనిషి ఇప్పుడు ఎవరూ లేరు. వేలు చాపి అద్దంలో ఆ పుట్టుమచ్చను నొక్కాను. గాజు చల్లగా తగిలింది. కాసేపు ఆగాను.

తర్వాత నేనే "ట్రింగ్" అన్నాను.